అత్త కారు ఊపిరి పీల్చాలంటే

రిటైరైన రోజున ఫ్యాక్టరీ వాళ్లు మా అత్తకి గోడగడియారం ఇవ్వబోయారు. "టైము చూసుకుంటూ కూర్చోడం తప్ప నాకింకే పనీ ఉండదనుకున్నారా?" అని, షెడ్డు మూల టార్పాలిన్ కింద పడున్న రెండు సీట్ల కారు ఇమ్మంది. ఫ్యాక్టరీ యజమాని పెద్దాయన కుర్రతనంలో మోజుపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కారు అది. ఆయన పోయాక వారసులు పాత ఇనుముకి వేసేద్దామనుకుంటున్నారు. ఎలాగూ పోయేదే కదా అని సరేనన్నారు. నలుగురు కూలీలు తోసుకుంటూ తెచ్చి మా ఇంటి ముందు షెడ్డులో నిలబెట్టారు. మా నాన్న వరండాలోంచి చూసి, "ఇదో పీడ" అని లోపలికి వెళ్లిపోయాడు.

అత్త నాన్నకి చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. అదేదో లోటన్నట్టు మా ఇంటికొచ్చే చుట్టాలు మొహాలు జాలిగా పెడతారు గానీ, నాకు తెలిసినంతలో ఆ ఇంట్లో కడుపారా నవ్వే మనిషి ఆమె ఒక్కతే. నీళ్ల పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో గాస్కెట్లు కోసేది. పంపుకీ దాని మూతకీ మధ్య చుక్క నీరు కారకుండా పెట్టే పల్చటి అట్టముక్కే గాస్కెట్టు. అక్కడందరూ ఆమెని గాస్కెట్టమ్మ అనేవాళ్లు. "సందు కనిపిస్తే మూసెయ్యాలి. నాకొచ్చిన విద్య అదొక్కటే" అనేది గొప్పగా.

ఆ విద్యతోనే కారు మీద పడింది. రేడియేటర్ అతికించింది, గొట్టాలు మార్చింది, తుప్పు గీకింది. నేను సెలవు రోజుల్లో పానా అందించేదాన్ని. ఒకరోజు ఇంజన్ దగ్గి, తుమ్మి, చివరికి పట్టుకుంది. అత్త నా మెడ పట్టుకుని బుగ్గ మీద గ్రీజు ముద్ర వేసింది. ఆ సంబరం చల్లారకముందే నాన్న వచ్చాడు. షెడ్డు కూలగొట్టి అక్కడ షాపు కట్టించాలని ఆయన ఆలోచన.

"ఈ డొక్కు వీధి చివరిదాకా కూడా పోదు. నా మాట విని అమ్మేసెయ్" అన్నాడు.

అత్తకి కోపం ముక్కు మీదే ఉంటుంది. "వీధి చివరేంటి అన్నయ్యా! పాత కార్ల క్లబ్బువాళ్లు ఆదివారం కొండెక్కే పోటీ పెట్టారుగా, వాళ్లందరితో పాటు ఎక్కిస్తా. ఎక్కించకపోతే తాళం నీ చేతిలో పెడతా" అనేసింది.

నాన్న వెంటనే తలూపాడు. నాకు ఒళ్లు మండింది. అత్త ఒక మాటంటే వెనక్కి తీసుకోదు. ఆ సంగతి నాన్నకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఎయిర్ ఫిల్టర్ల దగ్గర. ఆ ఇంజన్‌కి పెట్రోల్లో గాలి కలిపే కార్బ్యురేటర్లు పక్కపక్కనే రెండు. ఒక్కోదాని మూతికి ఒక్కో గుండ్రటి రేకు డబ్బా ఉండాలి, అందులో దుమ్ము ఆపే జల్లెడ ఉండాలి. మా కారుకి అవి లేవు. ఫిల్టర్లు లేని కారుని కొండ రోడ్డు మీదికి రానివ్వమని క్లబ్బు వాళ్ల షరతు. అంతకుముందు ఏడు ఎవరిదో కారు ఇంజన్ వెనక్కి తన్ని, కార్బ్యురేటర్ మూతిలోంచి మంట ఎగదన్నిందట.

స్పేర్ పార్టుల వీధిలో మేమెక్కని మెట్టు లేదు. ఒకడు లారీకి పెట్టే ఫిల్టర్ తెచ్చి బల్లమీద పెట్టాడు, అది మా కారు సీటంత ఉంది. ఇంకొకడు "ఆ మోడలా? మ్యూజియంలో అడగండమ్మా" అన్నాడు. "అడిగాను నాయనా, నువ్వు ఇక్కడున్నావని వాళ్లే చెప్పారు" అంది అత్త. వాడి పక్క కొట్టువాడు నవ్వలేక చచ్చాడు.

చివరికి క్లబ్బు సెక్రటరీ ఇంటికి వెళ్లాం. ఆయన అద్దాల బీరువాలో అచ్చం మాకు కావాల్సిన జత తళతళలాడుతోంది. ఇస్తానన్నాడు. కానీ కొండ మీదికి తన డ్రైవరే నడపాలట.

"మీరు పక్కన కూర్చోండి మేడమ్. దారి పొడుగునా జనం ఉంటారు, హాయిగా చెయ్యి ఊపుతూ వెళ్లొచ్చు."

"చెయ్యి ఊపడానికి నేనెవర్నీ రైలెక్కించడానికి రావట్లేదండీ" అని లేచింది అత్త. కాఫీ సగం తాగిన నేను కప్పు అక్కడే పెట్టి వెనకాలే పరిగెత్తాను.

గేటు దాటాక నేనే ఉండబట్టలేక అన్నాను. "ఒక్కరోజే కదత్తా. ఆ డ్రైవర్ని నడపనిస్తే కారు నీకే మిగులుతుందిగా."

"కారు మిగుల్తుందే. నేను మిగల్ను" అంది.

డబ్బాలు చివరికి పాత ఇనుము యార్డులో దొరికాయి. అలాంటి కార్బ్యురేటర్లే ఉన్న పెద్ద ఫ్యామిలీ కారొకటి అక్కడ పడుంది. దాని డబ్బాల్లో జల్లెడ ఎలుకలు కొట్టేసి, ఉత్త రేకులు మిగిలాయి. అత్త వాటిని పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చింది. గాయాలకి కట్టే పల్చటి నూలు గుడ్డ మందులషాపులో కొంది. "ఎవరికమ్మా దెబ్బ తగిలింది?" అని షాపతను కంగారుపడ్డాడు. "దెబ్బ తగల్లేదు, తగలకుండానే" అంది. ఆ గుడ్డని రెండు తీగ వలల మధ్య మడతలు మడతలుగా పెట్టి, పల్చటి నూనెలో తడిపి పిండి, డబ్బాల్లో అమర్చింది.

అప్పుడు చూస్తే డబ్బా మడ్‌గార్డు గోడకి తగులుతుందేమోనని అనుమానం. పిండి ముద్ద ఒకటి డబ్బాకి అతికించి బిగించాం. విప్పి చూస్తే ముద్ద వేలెడు మందాన నలిగి ఉంది. "వేలు దూరితే చాలు, గాలి దూరుతుంది" అంది. ఇక మిగిలింది డబ్బాకీ కార్బ్యురేటర్‌కీ మధ్య గాస్కెట్లు. అది చెయ్యి తిరిగిన పని. అట్ట పరిచి, కార్బ్యురేటర్ మూతి అచ్చు తీసుకుంటూ ఆగింది. ఒక్కో మూతి మీదా బోల్టు రంధ్రాల పక్కన, పెన్సిల్ ములికి దూరేంత చిన్న కన్నాలు రెండున్నాయి.

"ఇవేంటి? ఏ బోల్టూ లేదు, ఏ గొట్టమూ లేదు. ఎవడో తాగొచ్చి డ్రిల్లు వేసినట్టున్నాడు" అంది.

కొలిచి కోసింది. ఆ కన్నాలన్నీ చక్కగా మూసుకుపోయాయి. ఇంజన్ స్టార్ట్ చేస్తే మెత్తగా తిరిగింది. మా సందులో నెమ్మదిగా రెండు చుట్లు వేసి, హారన్ కొట్టి, నాన్నని వరండాలోకి రప్పించింది కూడా.

ఆదివారం పొద్దున క్లబ్బువాళ్లు బానెట్ ఎత్తి చూసి, సంతకం పెట్టారు. సెక్రటరీ మా రేకు డబ్బాలని చూసి పెదవి విరిచాడు గానీ, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అత్త స్టీరింగ్ దగ్గర, నేను పక్కన. నాన్న తన కారులో కొండ కిందే కాచుకున్నాడు, తాళం కోసం.

మొదటి మలుపు ఎక్కాం. రెండోది ఎక్కాం. ఏటవాలు మొదలయ్యాక అత్త పెడల్ తొక్కింది. కారు వేగం పుంజుకోలేదు సరికదా, మూలిగింది. ఇంకా తొక్కింది. నోరు నొక్కేసినట్టు ఇంజన్ ఉక్కిరిబిక్కిరైంది. వెనకాల కార్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. సెక్రటరీ తన కారులోంచి మాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను, అయిదు వేళ్లూ తెరిచి కాదు.

అత్త కారుని పక్కకి తీసి బానెట్ ఎత్తింది. డబ్బాలు విప్పేసి నన్ను పెడల్ తొక్కమంది. ఇంజన్ కొండ దద్దరిల్లేలా అరిచింది. అత్త మొహం పాలిపోయింది. ఆ చిన్న కన్నాల మీద వేళ్లు పెట్టి, "మళ్లీ తొక్కు" అంది. ఇంజన్ గొంతు పడిపోయింది. వేళ్లు తీసింది, అరిచింది. పెట్టింది, పడిపోయింది.

"ఇవి దాని ముక్కురంధ్రాలే. వీటిలోంచి గాలి పోతేగానీ కార్బ్యురేటర్ లోపలి పిస్టన్ పైకి లేవదు, అది లేస్తేగానీ ఇంజన్‌కి గాలందదు. నేనే మూసేశాను" అంది. "బతుకంతా మూసి మూసి, దీని ముక్కు కూడా మూసేశాను."

జెండా పట్టుకున్న క్లబ్బు మనిషి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. పోటీ అయిపోయిందనీ, మా కారు లెక్కలోకి రాదనీ, రోడ్డు మామూలు బండ్లకి వదిలేస్తున్నామనీ చెప్పి వెళ్లిపోయాడు. అతని వెనకే నాన్న వచ్చి చెయ్యి చాపాడు.

"మాటన్నావు కదా" అన్నాడు, శాంతంగానే.

అత్త చేతులు తుడుచుకుంది. తాళం తీస్తుందనే అనుకున్నాను.

"ఇవ్వను" అంది.

"అదేంటి? మాటంటే మాట అంటావుగా!"

"అంటాను. నాకు లాటరీలో తగిలిన స్కూటర్ నువ్వు తీసుకుని, కాలేజీ అయ్యాక తిరిగిస్తానన్నావు. వాడుకోమని మాటిచ్చానని మళ్లీ అడగలేదు. అమ్మని చూసుకుంటానని మాటిచ్చాను, ఫోర్‌మన్ శిక్షణకి రమ్మంటే వెళ్లలేదు. కింద వాటా నీకని మాటిచ్చాను, మేడ మీద రేకుల గదిలో వేసవులన్నీ ఉడికాను. నేను మాట తప్పననే కదా, ఏం కావాలన్నా ముందు నా చేత మాటనిపిస్తావు? ఇదిగో, తప్పాను. ఆడి తప్పిందని ఊరంతా చెప్పుకో."

నాన్న చాపిన చెయ్యి కిందికి దించాడు. ఇంట్లో ఆయన ఎదురుగా అంత గట్టిగా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. నాకు భయమేసింది, అంతకన్నా ఎక్కువ ఆనందమేసింది. దాచుకోవడం ఎందుకు?

అత్త నా జడలోంచి పిన్ను లాగి, బానెట్ మీద గాస్కెట్లు పెట్టి, ఒక్కోదానికీ రెండేసి కన్నాలు పొడిచింది. ఎంతో పొందికగా కోసిన అట్ట చిరుగులు పడింది. అంత మొరటు పని ఆమె చేతి మీదుగా జరగడం నేనెప్పుడూ చూడలేదు. డబ్బాలు బిగించి, బానెట్ మూసి, స్టీరింగ్ ముందు కూర్చుంది.

నాన్న కారుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆమెతో కాదు, నాతో అన్నాడు. "నువ్వు దిగు. ఇంటికి పోదాం."

"నువ్వెళ్లు నాన్నా" అన్నాను.

"పక్కకి జరుగు అన్నయ్యా" అంది అత్త. "బ్రేకులు ఇంకా సరిగ్గా చూడలేదు."

జరిగాడు.

కొండెక్కాం. పైన క్లబ్బు వాళ్లు అప్పటికే టెంటు విప్పేస్తున్నారు. మమ్మల్ని చూసి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుర్చీలు మోస్తున్న మనిషి ఒకడు బండి బాగుందని మెచ్చుకున్నాడు, అంతే. అత్త ఇంజన్ ఆపలేదు. నా ఫోన్ మోగింది. నాన్న. స్పీకర్ పెట్టమని సైగ చేసింది.

"ఎప్పుడొస్తున్నారు?" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయముంది.

"తెలీదన్నయ్యా" అంది అత్త, గేరు మారుస్తూ. "అవతలి వైపు దిగుతున్నాం."