లచ్చవ్వ చెప్పిన ఆకు పేరు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, లచ్చవ్వ సంగతి చెబుతాను. పొద్దున పెరట్లో కలుపు తీస్తుంటే చేతిలో ఒక ఆకు నలిగింది. ఆ పచ్చి వాసనకు మా పొరుగింటి లచ్చవ్వే వచ్చి పక్కన నిలబడినట్టయింది.

మా ఊరు నర్సింహులపేటలో పసరు మందంటే లచ్చవ్వే. తెల్లవారకముందే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆకు తెంపేది. ఆకు పేరు మాత్రం కన్నకూతురికి కూడా చెప్పేది కాదు. పేరు బయటపడితే చేతిలో మందు పనిచేయదని వాళ్లత్త ఒట్టు వేయించుకుందట.

మా ఆయనకు మలంలో నెత్తురు పడుతుంటే మేమంతా మొలలనుకున్నాం. లచ్చవ్వ అన్నీ అడిగి, నూరే రాయి పక్కకు జరిపేసింది. "గిది నాతోని అయ్యేది కాదు బిడ్డా. ఎంబడే దవాఖానకు పోండ్రి" అంది. పోతే పెద్దపేగు క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి, తర్వాత సెలైన్‌తో పాటు క్యాన్సర్ మందు ఎక్కించసాగారు. దానితో మనిషి వాడిపోయాడు. ఆ అవస్థ చూడలేక లచ్చవ్వ, బలానికని పసరు ఇచ్చేది. ఆయన నాకు చెప్పకుండా తాగేవాడు. ఇంతలో రక్తపరీక్షలో కాలేయం బాగాలేదని తేలి, డాక్టరమ్మ ఆ ఎక్కించే మందు ఆపేసింది. గట్టిగా అడిగితే ఆయన పసరు సంగతి బయటపెట్టాడు. ఏ ఆకో తెలిస్తేనే ఏం చేయాలో చెప్పగలనంది ఆమె.

ఇంటికొచ్చి లచ్చవ్వకు చెప్పాను. విని లోపలికి పోయింది. మర్నాడు చూస్తే నాకంటే ముందే బస్సు కోసం నిలబడి ఉంది, కొంగున ఆకు ముడేసుకొని.

డాక్టరమ్మ కసురుకుంటుందేమోనని నాకు గుబులు. ఆమె మాత్రం లచ్చవ్వకు కుర్చీ చూపించి, "అవ్వా, మేం ఎక్కించే మందుల్లో ఒకటి చెట్టు నుంచి వచ్చిందే. ఇంకా ఎన్నో మొక్కల మీద పరీక్షలు చేస్తున్నరు. కానీ ఏది దేనితోని పడదో చూసుకోవాలె గద" అంది.

లచ్చవ్వ ముడి విప్పింది. "నేల ఉసిరి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నా చేతి మందు పోతే పోనీ. మా అత్త పైనుంచి తిడ్తది, తిట్టనీ. నీ పెనిమిటి ఉంటే సాలు" అంది.

పసరు మాన్పించారు. కొన్నాళ్లకు కాలేయం కుదుటపడింది, మందు మళ్లీ మొదలైంది. తప్పు ఆకుదేనని డాక్టరమ్మ ఖాయంగా అనలేదు. మా ఆయన ఇవాళ కూరలో ఉప్పెక్కువైందని గొణిగి మరీ చేనుకు పోయాడు. ఆ గొణుగుడు నా చెవికి ఎంత హాయో.

లచ్చవ్వ ఇప్పుడు లేదు. ఏ దవాఖాన గడప తొక్కినా, అడగకముందే తిన్నదీ తాగినదీ అన్నీ చెప్పేస్తాను. అది ఆమె నేర్పిందే. మీ ఇంటిల్లిపాదీ ఒకరి దగ్గర ఒకరు దాపరికం లేకుండా, ఆరోగ్యంగా, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి.