పదకొండు కవర్లు

రేవులో గేజీ మాస్టారంటే ఇరవై ఆరేళ్లుగా ఆయనొక్కడే. పోటు వేళకు స్తంభం దగ్గర నిలబడి, నీళ్లు ఏ గీత దాకా వచ్చాయో చూసి పుస్తకంలో రాసుకోవడం ఆయన పని. నెలాఖరున ఆ అంకెలు కవర్లో పెట్టి సీలు వేసి పంపాలి. పన్నెండు రేవుల్లోనూ ఇదే పద్ధతి. పెద్దాఫీసులో కవర్లన్నీ ఒకేసారి విప్పేదాకా ఒకరి అంకెలు ఇంకొకరికి తెలియకూడదు. మనిషి ఒట్టి చాదస్తుడు. పెళ్లిరోజున కూడా పోటు చూసొచ్చాకే కొత్తబట్టలు కట్టుకున్నాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

పన్నెండు కవర్లూ ఒకటే మాట చెప్పాయి. సముద్రం ఏటేటా పైకొస్తోందని. దాంతో రేవు వెనక వీధి ఖాళీ చేయమని నోటీసులొచ్చాయి. మొదటి నోటీసు ఆయన బావమరిదికే. వాడు పడవలు బాగుచేసే మేస్త్రీ, ఆ ఇల్లు తన చేతులతో కట్టుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం పదిమందిని వెంటేసుకుని గేజీ గదిలోకి వచ్చిపడ్డాడు.

"అంకెలు తప్పు రాశానని సంతకం పెట్టు బావా. మా ఇళ్లు నిలబడతాయి."

"నేనొక్కణ్ణే రాస్తే తప్పనుకోవచ్చురా. మిగతా పదకొండు మంది మొహాలే నేనెరగను. వాళ్లకీ అదే వచ్చింది."

"అంతా కుమ్మక్కయ్యారు," అన్నాడు వెనకనుంచి వలల వ్యాపారి.

చెంప మీద మొదటి దెబ్బ పడింది. కళ్లజోడు పగిలి కనుబొమ్మ చీలింది. కిందపడేసి కడుపులో తన్నారు. పదిమందీ కలిసి ఒక ముసలాణ్ణి కొట్టడానికి ఇనుపరాడ్లు కూడా కావలసి వచ్చాయి, ఏం మగతనమో. ఆయన పుస్తకాన్ని పొట్టకింద దాచుకుని బోర్లా పడుకున్నాడు. చిన్నప్పుడు తను భుజాల మీద మోసిన బావమరిదే రాడ్డెత్తి కుడిచేతి మీద రెండుసార్లు వేశాడు. ఎముకలు విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. నొప్పికంటే ఆ కొట్టింది వాడన్న బాధే ఆయన్ను ఎక్కువ ఏడిపించింది.

అప్పుడు వలల వ్యాపారి కాగితం, పెన్నూ తీశాడు. సంతకం పెట్టాల్సిన చెయ్యి అదే. ఘనులంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎడంచేత్తో పెట్టించండి," అన్నాడొకడు.

మాస్టారికి నిజంగానే భయం వేసింది. రెండో చెయ్యి కూడా పోతే అన్నం ఎవరు తినిపిస్తారు అనుకున్నాడు. నోట్లో రక్తం ఉమ్మేసి, "పెడతానురా. పెడితే మాత్రం ఏం లాభం? ఇంకా పదకొండు కవర్లున్నాయిగా," అన్నాడు.

బావమరిది రాడ్డుకంటిన రక్తం చొక్కా అంచుకి తుడిచి, ఆయన పక్కనే కూర్చుని, ఇంట్లో మాట్లాడినంత మామూలుగా అడిగాడు.

"ఆ పదకొండు రేవులూ ఎక్కడెక్కడ ఉన్నాయి బావా?"