కొల్లేరు మీదుగా తాడేపల్లిగూడెం

మస్కట్‌లో ఒక టైలరింగ్ షాపులో పదకొండేళ్ళు కటింగ్ మాస్టరుగా పనిచేసి ఏలూరు వచ్చి నాలుగు నెలలైంది. 2007 ఫిబ్రవరి మూడో వారంలో ఒక ఉదయం తాడేపల్లిగూడెం బయల్దేరాను. మా బావమరిది కరీం అక్కడ మార్కెట్ యార్డు దగ్గర నా కోసం ఒక షాపు రూము చూసి పెట్టాడు. సాయంత్రం నాలుగింటికి ఓనరు ఎదుట అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలి. పెడితే ఇక కాపురం గూడెంలోనే.

అయితే నా పాస్‌పోర్టులో మళ్ళీ మస్కట్ వెళ్ళే వీసా ఉంది. మార్చి పన్నెండుకి టికెట్టు కూడా తీసుకున్నాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఇంటిపట్టున ఉంటే మూడో రోజుకి కాళ్ళు బస్టాండు వైపు లాగుతున్నాయి. అలాంటివాడు షాపు తెరిచి ఎవరిని ఉద్ధరిస్తాడు?

మా ఆవిడ నూర్జహాన్ గుమ్మం దాకా వచ్చింది. నేను పంపినదానికి తోడు వీధివాళ్ళకి జాకెట్లు కుడుతూ ఇన్నేళ్ళూ ఇల్లు నడిపిన మనిషి. "పెద్దద్దం ఏ గోడకి పెడితే వెలుతురు బాగుంటుందో చూసి రండి" అంది. తలూపి వచ్చేశాను.

ప్యాసింజరు ఏడూ నలభైకి ఏలూరులో కదిలింది. టికెట్టు పది రూపాయల లోపే. నా ఎదుట ఒక చేపలావిడ ఖాళీ సత్తు గిన్నెలు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. తెల్లారేలోపే ఏలూరులో సరుకు అమ్మేసి కొల్లేటి ఒడ్డునున్న తన ఊరు ఆగడాల లంకకి తిరిగి వెళ్తోంది. నా చదువు ఆరో తరగతితో ఆగినా ఏలూరు లైబ్రరీలో చేతికందిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. తమ్మిలేరు, బుడమేరు కొల్లేట్లో కలుస్తాయనీ, ఆ నీళ్ళే ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయనీ ఆవిడకి చెప్పాను.

"అన్నీ తెలుసే! ఎప్పుడు చూశారండి?"

"చూడలేదమ్మా. చదివాను."

"ఏ ఊరండి తవరిది?"

"ఏలూరే. పదకొండేళ్ళు మస్కట్‌లో ఉండి వచ్చాను."

ఆవిడ పక్కనున్నవాళ్ళని కూడా పిలిచి మరీ నవ్వింది. "ఏలూరులో పుట్టి కొల్లేరు చూళ్ళేదంట! సముద్రం దాటెళ్ళడానికి మాత్రం దారి తెలిసిందండి!"

భీమడోలులో ఎక్స్‌ప్రెస్సుకి దారివ్వడానికి మా బండిని నిలిపేశారు. ఆవిడ దిగింది. నాలుగింటికి ఇంకా బోలెడు టైముంది కదా అనుకుని నేనూ దిగిపోయాను. నిజానికి టైము ఒక సాకు.

స్టేషను బయట షేరు ఆటోలు ఉంటాయి. మనుషులు నిండితేగాని కదలవు కనుక ఈ దారిన వెళ్ళదలచినవాళ్ళు ఒక అరగంట ఎక్కువ వేసుకోవాలి. లంక చేరేసరికి తొమ్మిదిన్నర. కిందటేడు సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మిగిలిన మట్టిదిబ్బల మధ్య నీళ్ళు కనుచూపు మేర పరుచుకుని ఉన్నాయి. పుస్తకంలో బొమ్మగా చూసిన గూడబాతులు వందల్లో, అచ్చం బొమ్మలో లాగే గంభీరంగా తేలుతున్నాయి.

ఒడ్డుకి కాస్త దూరంలో ఒక ముసలాయన నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు. ఆయన తాటిదోనె ఒక పక్కకి ఒరిగి బుడబుడమని మునిగిపోతోంది. నేను చెప్పులు వదిలేసి, ప్యాంటుతోనే దిగి, దోనె కొస పట్టుకుని బలంకొద్దీ లాగాను.

"వదలండి బాబూ, వదలండి! పొద్దున్నుంచీ దాన్ని ముంచలేక చస్తన్నాను!"

ఆయన పేరు సత్యం. తాటిమానుతో చేసిన దోనెని ఒడ్డున ఎండలో వదిలేస్తే పగిలిపోతుందట. వాడకం లేనన్నాళ్ళు నీళ్ళలో ముంచి ఉంచాలి. ఆయన ఆకివీడు వైపు చేపల చెరువుకి కాపలాగా రెండు నెలలు వెళ్తున్నాడు. సిగ్గుపడి నేను కూడా ఒక చెయ్యి వేశాను. దోనె అడుక్కి చేరాక ఆయన పక్కన ఒక వెదురుగెడ పాతి, ఒడ్డు మీదున్న భార్యని కేకేశాడు.

"ఏమే, చూశావా? గెడకి ఇవతల!"

"చూశాన్లే. ఏటేటా చూపిత్తానే ఉంటావుగా!" అందావిడ.

"ఆవిడకి చూపించడం ఎందుకండి?" అని అడిగాను.

"భలేవారే! నాకేదన్నా అయితే దోనె ఎక్కడుందో ఆవిడకి తెలియొద్దాండీ? ఎల్లేవోడు చెప్పి ఎల్లాలి."

తడి ప్యాంటుతో భీమడోలు తిరిగి వచ్చి, రోడ్డు పక్క హోటల్లో పప్పుచారుతో భోంచేశాను. రుచి గుర్తులేదు. బస్సులో గూడెం చేరేసరికి మూడున్నర. రూము బాగుంది, తూర్పు వెలుతురు. ఓనరు పెన్ను మూత తీసి ఇచ్చాడు. నేను పట్టుకోలేదు.

"నేను ఉంటానో లేదో నాకే తెలియదండి. మార్చి పన్నెండుకి టికెట్టుంది" అన్నాను.

కరీం ముఖం మాడిపోయింది. స్టేషను దాకా నాకు రెండడుగుల ముందే నడిచాడు. ప్లాట్‌ఫారం మీద మాత్రం ఆగలేకపోయాడు.

"ఇల్లు కూడా చూసేశాం కదా బావా! అక్కకి ఏమని చెప్పమంటారు?"

"నేనే చెప్తాను, కలుపు."

తన సెల్లు నుంచి కలిపి ఇచ్చాడు. టికెట్టు సంగతి, సంతకం పెట్టని సంగతి అన్నీ చెప్పాను. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"నాలుగు నెలలు దాచారు" అంది. "దాని గురించి ఇంటికొచ్చాక మాట్లాడతాను. రూము ఎవరికన్నా ఇచ్చేశారా?"

"ఇంకా లేదు."

"అయితే నా పేరున రాయించమనండి."

"నేను వెళ్ళిపోతేనో?"

"మీరుంటే కటింగు మీరు చేద్దురు గాని. వెళ్తే నేను చేసుకుంటాను. తమ్ముడికివ్వండి ఫోను."

కరీం అటు తిరిగి "సరే అక్కా, సరే" అంటూ బండి వచ్చేదాకా తలూపుతూనే ఉన్నాడు.

ఐదూ నలభైకి ఎక్కాను. కిటికీ దగ్గర సీటు దొరికింది కానీ కూర్చోబుద్ధి కాక భీమడోలు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. రోజంతా తిరిగినా కాళ్ళ దురద తీరలేదు. ఒక్కరోజు ప్రయాణంతో మనిషి మారతాడని నేను రాయను. మార్చి పన్నెండున ఆ విమానం ఎక్కుతానో లేదో ఆ సాయంత్రానికి నాకు నిజంగానే తెలియదు. నూర్జహాన్‌కి జాకెట్టు కటింగు వచ్చు, మగవాళ్ళ బట్టలు రావు. చేతిలో మూడు వారాలున్నాయి. భీమడోలు దాటాక కూర్చుని, చొక్కా కాలరు ముందు నేర్పాలా, ప్యాంటు ముందు నేర్పాలా అని ఏలూరు దాకా ఆలోచిస్తూ వచ్చాను.