నా శాంతస్వభావానికి ఇద్దరు సాక్షులు

నేను కొట్లాటలకు పోయే మనిషిని కాదని నిరూపించడానికి ఒక అధికారిణి ముందుకు వెళ్లి, ఆవిడ బల్ల మీది అద్దం పగలగొట్టి వచ్చాను. మా ఉదయగిరి బస్టాండులో ఇప్పటికీ నవ్వుతున్నారు. మీరూ మొహమాటపడకండి.

జూనియర్ అసిస్టెంటు ఉద్యోగానికి ఎంపికయ్యాను. ఇంట్లో పలావు కూడా వండేశారు. అంతలో ‘ప్రవర్తన దృష్ట్యా నియామకానికి అనర్హుడు’ అని తాఖీదు వచ్చింది. వరికుంటపాడులో ప్రసాదు అనేవాడెవడో తిరునాళ్లలో నలుగుర్ని చితక్కొట్టాడట. నా పేరూ ప్రసాదే. విచారణకొచ్చినవాళ్లు వాడి కేసు తెచ్చి నా నెత్తిన పెట్టారు. అప్పీలు చేసుకుంటే, ఆత్మకూరు ఆఫీసుకొచ్చి చెప్పుకోమన్నారు.

ఒక్కణ్ణే వెళ్లి, ఆ ప్రసాదు తండ్రి వేరు, మా నాయన వేరు అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. కానీ అంత సులువుగా అయ్యే పని నాకెందుకు నచ్చుతుంది? చెక్క గరిటెలు చేసే మా మేనమామ దేవదానాన్నీ, మా వీధి పెద్ద రమణారెడ్డిగారినీ సాక్షులుగా బస్సెక్కించాను.

“నా అంత మెత్తటోడు జిల్లాలోనే లేడని చెప్పండి. ఎంత ఎక్కువ చెప్తే అంత మంచిది,” అని దారిపొడవునా నూరిపోశాను.

ఆఫీసులో ఆ అధికారిణి ముందు ఇద్దరూ నా మాట తు.చ. తప్పలేదు.

“వీడు దోమను గూడా కొట్టడు మేడమ్,” అని రెడ్డిగారు మొదలుపెట్టారు.

“కొట్టేదేంది? వాలితే ఊది పంపిస్తాడు,” అన్నాడు మామ.

తన మాట మీద ఇంకొకరి మాట నెగ్గితే రెడ్డిగారు ఓర్చుకోలేరు. “మొన్న మా కోడిపుంజు తరిమితే చర్చి గోడెక్కి కూచున్నాడు. నేనే పోయి దించుకొచ్చినాను.”

“పుంజు కాదు రెడ్డిగారా, పెట్ట!”

“మా కోడి సంగతి నాకు తెలవదా? పుంజే!”

“పుంజయితే దాని ఎనకమాల పిల్లలు ఎందుకుండాయి? నేను ఆడనే ఉండాను గదా!”

మేడమ్ పెన్ను కింద పెట్టి నావైపు తిరిగారు. “పుంజా, పెట్టా?”

గుమ్మం దగ్గర గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఆ ఒక్క క్షణం నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. కానీ నా పౌరుషం అప్పుడే నిద్ర లేచింది.

“నేనేం పిరికోణ్ణి కాదు మేడమ్! అవసరమొస్తే కొడతా! నలుగురొచ్చినా కొడతా!”

మామ నా చొక్కా పట్టుకుని లాగాడు. “రేయ్, మనం వచ్చింది దేనికిరా?”

మేడమ్ ఫైలు తిరగేశారు. “నలుగురా? ఇందులోనూ నలుగురనే ఉంది.”

“వాడు నేను కాదు మేడమ్! నేను శాంతంగా ఉండే మనిషిని!”

సరిగ్గా ‘శాంతంగా’ దగ్గర నా పిడికిలి బల్ల మీద పడింది. అద్దం భళ్లుమంది. వేలి మీద సన్నగా ఎర్రగా ఏదో కనిపించింది. అది నా రక్తమేనని అర్థమైనంతవరకే నాకు గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి నేల మీదున్నాను. మామ తువ్వాలుతో విసురుతున్నాడు. రెడ్డిగారు నా మొహాన సోడా కొడుతున్నారు. గుమాస్తా నా వేలికి గుడ్డపీలిక చుడుతున్నాడు.

మేడమ్ కుర్చీలోంచి వంగి నన్ను చూశారు. “గీసుకుపోయిన వేలిని చూసి పడిపోయినవాడు తిరునాళ్లలో నలుగుర్ని కొట్టాడా? నమ్మమంటే నేను నమ్మలేను. అప్పీలు ఒప్పుకుంటున్నాను.” మళ్లీ ఫైలు చూసి ఆగారు. “అయినా ఇక్కడ తండ్రి పేరే వేరుగా ఉంది. ఆ మాట ముందే చెప్పలేదేం?”

మేం ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

“కోడి గొడవలో మర్చిపోయినాం మేడమ్,” అన్నారు రెడ్డిగారు.

ఇకమీదట నా మంచితనాన్ని ఎవరి ముందూ నిరూపించబోనని, తప్పనిసరైతే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే నిరూపిస్తానని ఆ నేల మీద పడుకునే ప్రమాణం చేశాను. లేచి చేయాలనే ఉండింది కానీ, కళ్లు ఇంకా తిరుగుతున్నాయి.