చాక్లెట్లు వెనక్కి ఇప్పించిన సిస్టర్

మా వార్డు హెడ్ సిస్టర్ పోయారు. ఉదయం డ్యూటీ అప్పగించే వేళ, నర్సుల బల్ల దగ్గర కూర్చుని, ఏ మంచానికి ఏం జరిగిందో వింటూ వింటూనే తల వాల్చేశారట. చుట్టూ డాక్టర్లే. అయినా ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఆ రోజు నాకు సెలవు. సౌదీలోని ఖోబర్ దగ్గర, అల్ అజీజియాలో ఆసుపత్రి వాళ్ళిచ్చిన క్వార్టర్సులో, ఆమె ఇంటికి ఎదురింట్లో నేను బియ్యం కడుగుతుంటే ఫోనొచ్చింది. తలుపు తీసి చూశాను. ఎదురుగా ఆమె గడప ముందు ఆమె చెప్పులు లేవు. డ్యూటీకి వేసుకువెళ్ళారు కదా, ఎలా ఉంటాయి.

సాయంత్రం కాకముందే ఆ కబురు మళ్ళీ వచ్చింది, ఈసారి మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో. గులాబీల మధ్య ఆమె ఫొటో. రెండు పక్కలా వెలిగే దీపాలు. కింద ఇలా ఉంది: “మన ఆఫ్రికా సిస్టర్‌కు అశ్రునివాళి. ఆమె పుట్టిన పల్లెకు ప్రత్యేక స్మారక యాత్ర. జులూ నృత్యాలు, బుట్టల షాపింగ్, సఫారీ. సీట్లు తక్కువ, త్వరపడండి.” అది పెట్టిన మనిషి పగలు ఏదో ఆఫీసులో పనిచేస్తాడు, సెలవుల్లో మనవాళ్ళను టూర్లకు తీసుకువెళతాడు. అందరం ట్రావెల్స్ ఆయన అంటాం. ఆ ఫొటో కింద వరసగా దండాలు, ఏడుపు బొమ్మలు. వాటి మధ్యలో ఒకాయన, “పిల్లలకు సగం టికెట్టేనా?” అని అడిగాడు.

మంచి మనిషిని తలుచుకునేటప్పుడు మనసు శుభ్రంగా ఉంచుకోవాలంటారు. నాకు చేతకావడం లేదు. ఈ నాలుగు మాటలూ ఆ గ్రూపు మీది రోతతోనే రాస్తున్నాను.

ఆమెది దక్షిణాఫ్రికా. తూర్పు సముద్రానికి దగ్గరగా, ఇసుక నేలల్లో ఉండే జులూ పల్లె. భర్త గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడై చనిపోతే, ఇద్దరు బిడ్డలనూ చెల్లెలికి అప్పగించి సౌదీ వచ్చారు. బిడ్డలు పెద్దవాళ్ళై పెళ్ళిళ్ళు చేసుకున్నా ఆమె ఇక్కడే ఉండిపోయారు. నేను కడప జిల్లా నుంచి నర్సుగా వచ్చేసరికి ఆ అంతస్తుకంతా ఆమే పెద్ద దిక్కు.

వాళ్ళ దేశంలో రోతపుట్టినప్పుడు ‘సిస్’ అంటారు. మన ‘ఛీ’ లాంటిది. సిస్టర్ నోట ‘సిస్’ వినబడితే ఎక్కడో ఏదో జరిగిందని మాకు అర్థమయ్యేది. అయితే చీము చూసి, మలం చూసి, పురుగు పట్టిన కాలు చూసి ఆమె ఒక్కసారీ ఆ మాట అనలేదు. ఒకసారి చక్కెర జబ్బుతో కాలు కుళ్ళిన ముసలాయనకు కట్టు మారుస్తున్నాం. పక్క మంచం వాళ్ళను చూడటానికి వచ్చిన కుర్రాడొకడు తెర పక్కకు జరిపి ఫోనుతో తీస్తున్నాడు. ఆమె చేతి తొడుగు విప్పి, వాడి ముందు అరచెయ్యి చాపి నిలబడ్డారు. తిట్టలేదు. వాడు చెరిపేసి ఫోను చూపించేదాకా ఆ చెయ్యి దించలేదు. వాడు వెళ్ళాక “సిస్” అన్నారు. తర్వాత నాతో, “పుండు కుళ్ళితే అది ఒంటికి వచ్చిన బాధ, పిల్లా. దాన్ని చూసి వేడుక పడేవాడున్నాడే, వాడిని చూసి ముక్కు మూసుకోవాలి” అన్నారు.

క్వార్టర్సులో ఖర్జూరపు చెట్లు నరికి శుభ్రం చేసినప్పుడల్లా కింద పడ్డ ఆకు ఏరుకొచ్చేవారు. బకెట్లో నానేసి, గోటితో చీల్చి, బాల్కనీలో కాళ్ళు చాపుకుని బుట్టలల్లేవారు. వాళ్ళ ఊళ్ళో అల్లేది ఇంకో రకం తాటిజాతి ఆకుతో. చెట్ల వేళ్ళతో, బెరళ్ళతో ఉడకబెట్టి రంగు పట్టిస్తారు. ఎంత బిగువుగా అల్లుతారంటే జొన్న కల్లు పోసినా కారదు. “ఇక్కడి ఆకు మొండిది. అయినా ఊరికే ఉంటే చేతులు నన్ను తిడతాయి” అనేవారు. మా తాత దూదేకేవాడని చెబితే, ఆ విల్లు ఎంత పొడుగు, దాని చప్పుడెలా ఉంటుంది, దూది ముక్కులోకి పోకుండా ఏం చేసేవాడని గుచ్చి గుచ్చి అడిగారు. నన్ను కన్నవాళ్ళు కూడా తాత పనిని అంత గౌరవంగా అడగలేదు. “చేతిపని కొనేవాడు ముందు ఆ చేతిని చూడాలి” అన్నారు ఆ రోజు.

ఆ బుట్టలు చూసే ట్రావెల్స్ ఆయన ఆమె వెంటపడ్డాడు. మీ ఊరికి మావాళ్ళను తీసుకొస్తాను, మీ ఆడవాళ్ళకు నాలుగు రాళ్ళొస్తాయి అన్నాడు. ఆమె చాలాకాలం ఆలోచించి సరేనన్నారు. వచ్చినవాళ్ళు ఇళ్ళల్లోనే ఉండాలి. వండింది కలిసి తినాలి. ఆకు చీల్చడం నేర్చుకోవాలి. ఫొటో తీసేముందు ఆ మనిషి పేరు అడగాలి. అన్నిటికీ తలూపాడు. మా ఇద్దరి సెలవులూ కలిసొచ్చి, రాస్ తనూరా రిఫైనరీకి కంపెనీ బస్సు నడిపే మా ఆయనా నేనూ కూడా ఆ మొదటి గుంపుతోనే బయలుదేరాం. సిస్టర్ మాకంటే ముందే చేరుకున్నారు.

మేం వెళ్ళేసరికి ఊరి మొదట్లో గడ్డితో కొత్త ద్వారం కట్టి ఉంది. దాని మీద ఎద్దు పుర్రె. ట్రావెల్స్ ఆయన అక్కడి వ్యాపారి ఎవరితోనో మాట్లాడి అద్దెకు తెప్పించాడు. ఆడవాళ్ళకు చిరుతపులి మచ్చల గుడ్డలు పంచాడు. సిస్టర్ చెల్లెలు అక్కడి బడిలో పంతులమ్మ. ఇస్త్రీ చేసిన జాకెట్టు వేసుకుని మాకు ఎదురొస్తే, “మేడం, ఆ కళ్ళజోడు తీసెయ్యండి, చెప్పులు కూడా. ట్రైబల్ లుక్ పోతోంది” అన్నాడు. ఆమెకు కోపం రాలేదు, అర్థం కాలేదు. అతిథి మాట కదా అని కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. అది లేక ఎదురుగా ఉన్నవాళ్ళు కనబడక, మా గుంపు వంక కాకుండా కొంచెం పక్కకు చూస్తూ నవ్వింది.

ఒకావిడ ఓ ముసలమ్మ జుట్టు తడిమి చూసి, వెంటనే చేతికి శానిటైజర్ రాసుకుంది. ఇంకొకావిడ సంచిలోంచి చాక్లెట్లు తీసింది. పిల్లలు చేరారు. “చేతికివ్వకండి మేడం, ఎగరెయ్యండి! రీల్ బాగా వస్తుందండి” అని అరిచాడు ట్రావెల్స్ ఆయన. ఆవిడ పిడికెడు గాల్లోకి విసిరింది. పిల్లలు ఇసుకలో ఒకరి మీద ఒకరు పడ్డారు. మనవాళ్ళు విరగబడి నవ్వారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, “మనం కూడా వీళ్ళతోనే వచ్చినామని చెప్పుకోవాల్నా మే?” అన్నాడు.

అప్పుడు వంటింట్లోంచి సిస్టర్ బయటికొచ్చారు. చేతులనిండా మొక్కజొన్న పిండి. చూశారు. పిల్లలతో వాళ్ళ భాషలో ఒక్క మాట అన్నారు. పిల్లలు ఆగిపోయారు. ఇసుకలోంచి చాక్లెట్లు ఏరి, ఒక్కొక్కరూ ఆ చాక్లెట్లావిడ దగ్గరికి వచ్చి, వాళ్ళ పద్ధతిలో కుడిచెయ్యి చాపి ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుని, మర్యాదగా వెనక్కిచ్చారు. అందరికంటే చిన్నవాడు అప్పటికే నోట్లో వేసుకున్నాడు. వాడు కూడా తీసి, ఎంగిలి కారుతున్నది ఆవిడ అరచేతిలో పెట్టాడు.

“ఛీ! ఛీ!” అని చెయ్యి విదిలించుకుందావిడ.

“అది మీదేనమ్మా. మీరు విసిరిందే” అన్నారు సిస్టర్.

“సిస్టర్, గెస్టులండి, ఫీలవుతారు” అని ట్రావెల్స్ ఆయన గొణిగాడు.

“నేనూ ఫీలయ్యాను. అన్నం నేను చేతికిస్తాను. విసరను. ఆకలైనవాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కుని చాప మీద కూర్చోండి.”

ఎవరూ కూర్చోలేదు. బస్సెక్కి పట్నంలోని హోటలుకు వెళ్ళిపోయారు. మేమిద్దరమే మిగిలాం. ద్వారాన్ని సిస్టరే మా ఆయన సాయంతో కూలదోశారు. ఆమె చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని, చీర కట్టిన నన్ను తల నుంచి పాదం దాకా తీరిగ్గా చూసి, “మా అక్క చెప్పింది నీ గురించేనా!” అంది. అక్కడున్నన్నాళ్ళూ మాకు అల్లిక నేర్పింది. మా ఆయన అల్లిన బుట్ట తాగినవాడిలా ఒక పక్కకు ఒరిగింది. దాన్ని కూడా గోడకు తగిలించారు.

ఖోబర్‌కు తిరిగొచ్చాక ట్రావెల్స్ ఆయన ఆ ఫొటోలన్నీ పెట్టుకున్నాడు, కళ్ళజోడు లేని చెల్లెలితో సహా. ‘అమాయకపు చిరునవ్వు’ అని కింద రాశాడు. సిస్టర్ చూసి ఫోను బోర్లా పెట్టారు. ఆ పనిని మాత్రం వదల్లేదు. ఆసుపత్రిలో తనకు నచ్చినవాళ్ళకు చెప్పి, ఒకటీ అరా కుటుంబాలను పంపుతూనే ఉన్నారు. వాళ్ళ కోసం ఊళ్ళో రెండు గదులు కట్టించారు. ఈ చలికాలం ఫైనల్ ఎగ్జిట్ మీద సౌదీ వదిలి వెళ్ళిపోయి, వచ్చినవాళ్ళకు తనే వండిపెట్టాలని ఆమె ఆశ. “నా దగ్గరికి చుట్టం రావాలి. చూసిపోయేవాడు వద్దు” అనేవారు.

కాగితాలన్నీ పూర్తయి శవపేటిక పంపే రోజు తెలిశాక చెల్లెలు నాకు ఫోను చేసింది. ఏడ్చి, ఆగి, అడిగింది. “ఒంటిని పెట్టెలో పంపుతారు సరే. మా అక్క ఇంకా ఆ కుర్చీలోనే కూర్చుని ఉంటుంది. ఎవరో ఒకరు వెళ్ళి పిలవాలి. వీసా దొరికి మేం వచ్చేదెప్పుడు? నువ్వు పిలుస్తావా?” వాళ్ళలో పోయిన మనిషిని ముళ్ళచెట్టు కొమ్మతో ఇంటికి తీసుకెళతారట. ప్రాణం పోయిన చోట కొమ్మ ఆనించి, పద పోదాం అనాలి. దారి పొడుగునా ఎక్కడున్నామో చెబుతూ ఉండాలి. లేకపోతే తప్పిపోతారు. విమానం దాకా నువ్వు తీసుకురా, ఇక్కడ మేం ఇంకో కొమ్మతో ఎదురొస్తాం అంది. చెట్టు ఫొటో పంపింది. చూస్తే మన రేగు జాతి. ఇక్కడ సిద్ర్ అంటారు.

మనం నమాజు చేసేవాళ్ళం, ఇది చేయొచ్చా అని మా ఆయన్ను అడిగాను.

“ఇంటికి పోదాం రామ్మా అనేదానికి యా మతం అడ్డమొచ్చాది మే? మా నాయన కడపటి స్నానానికి నీళ్ళు ఈ ఆకేసి కాగబెట్టిందే గదా” అన్నాడు.

కొమ్మ ఎందుకో చెప్పి, చెట్టు ఎక్కడుందని గ్రూపులో అడిగాడు. అదే పొరపాటైంది. జవాబు రాలేదు కానీ, మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గరికి ట్రావెల్స్ ఆయనే వచ్చాడు, మూడుకాళ్ళ స్టాండుతో.

“మేడం, రెండే రెండు నిమిషాలండి. కొమ్మ పట్టుకుని మీరు నడవండి, వెనక నుంచి తీస్తాను. చాలా ఎమోషనల్‌గా వస్తుందండి. ట్రిప్పుకు కూడా హెల్పవుతుంది, వాళ్ళ ఊరికే కదండీ మంచిది.”

“అన్నా, నీ ఇంట్లో సావైతే గూడా ఇట్లనే కెమెరా పెట్టుకుంటావా?” అన్నాడు మా ఆయన.

“మా నాన్నగారి పెద్దకర్మ లైవ్ పెట్టామండి. మంచి రెస్పాన్స్ వచ్చింది.”

అతను హాస్యానికి అనలేదు. సిగ్గుపడాల్సింది ఏదో జరిగిందని కూడా అతనికి తెలియదు. అరచెయ్యి కెమెరాకు అడ్డం పెట్టి నిలబడ్డాను. ఎండలో చాలాసేపు నిలబడ్డాను. చివరికి అతనే స్టాండు మడుచుకుని, “ఏంటోనండీ, మంచి చేద్దామంటే” అంటూ కారెక్కాడు.

కొమ్మ మాకు అజీజియాలోనే దొరికింది. ఒక సౌదీ పెద్దాయన ఇంటి గోడ మీదుగా బయటికి వాలి ఉంది. తలుపు తట్టి, చనిపోయిన మనిషి కోసమని మా ఆయన బస్సు నడుపుతూ నేర్చుకున్న అరబ్బీలో చెప్పాడు. ఆయన ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చి, తనే మంచి కొమ్మ చూసి కోసి, ముళ్ళు గుచ్చుకోకుండా మొదట్లో గుడ్డ చుట్టిచ్చాడు.

మధ్యాహ్నం వార్డు సద్దుమణిగాక ఆ కుర్చీకి కొమ్మ ఆనించాను. చెల్లెలు నేర్పిన జులూ మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. “సిస్టర్, పదండి, ఇంటికి పోదాం” అన్నాను తెలుగులోనే. పక్కనున్న ఫిలిప్పీన్స్ నర్సు లేచి దారి ఇచ్చింది.

దమ్మామ్ విమానాశ్రయం దాకా కొమ్మను ఒళ్ళో పెట్టుకున్నాను. నాకు ఏడుపు వచ్చి మాట ఆగినప్పుడల్లా మా ఆయన అందుకున్నాడు. “ఇది ధహ్రాన్ తట్టు రోడ్డు సిస్టరమ్మా. ఇంగ పెద్ద రోడ్డెక్కుతాండాం. భయం లేదు, నేను మెల్లగ తోలతాండా.”

కార్గో షెడ్డులో పేటికను అప్పటికే చెక్క పలకల పెట్టెలో పెట్టి పట్టీలు బిగించారు. పైన కొమ్మ పెట్టాను. ఫోర్క్‌లిఫ్టు నడిపే నేపాలీ అబ్బాయి దిగి వచ్చి, ఏదో చెత్త పడిందనుకుని తీయబోయాడు. మా ముఖాలు చూసి ఆగాడు. తొడుగులు విప్పి, ముళ్ళు గుచ్చుకుంటున్నా ఒట్టి చేతులతోనే కొమ్మను పట్టీ కిందకి దోపి, ఒకసారి లాగి చూశాడు. తర్వాత పెట్టెను పైకెత్తి, బండిని మామూలుకంటే నెమ్మదిగా వెనక్కి తిప్పాడు. తెల్లటి ఎండలోకి పెట్టె వెళుతుంటే దాని మీద పచ్చటి ఆకులు అటూ ఇటూ ఊగుతున్నాయి. మా ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. “ముందర గేటుండాది సిస్టరమ్మా... దాటినావు... ఆ కనపడేదే ఇమానం.”