అక్క కుడితి బకెట్

మా అపార్ట్‌మెంట్‌లో కొన్నాళ్లు నాకు 'కుడితి బకెట్ ఆవిడ' అనే పేరుండేది. వెనకాలే అనేవాళ్లు. ఎదురుగా అంటే నేను ఊరుకునే రకం కాదని అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ పేరు పోయింది, బకెట్టూ పోయింది. దాన్ని ఎందుకు పెట్టుకున్నామో, ఎందుకు తీసేశామో ఇక్కడెవరికీ తెలియదు. చెప్పుకోవాలని నాకూ అనిపించలేదు.

మాది ముత్తుకూరు. మా ఆయనది కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి, కిటికీ తెరిస్తే ఉప్పుగాలి, మూస్తే వంటింటి వాసన. అక్కకు జబ్బు చేసి నెల్లూరు ఆసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక, మూడు వారాలకోసారి మందు ఎక్కించాలన్నారు. ఆమె ఊరు కొడవలూరు అవతల. బావకు అప్పుడే నాట్లు. "నా దగ్గర ఉంటాదిలే బావా, నువ్వు చేను చూసుకో" అని నేనే తీసుకొచ్చాను. అమ్మ పోయేనాటికి నేను పలక పట్టుకుని తిరిగే పిల్లని. నాకు తల దువ్వింది, ముద్దలు కలిపి పెట్టింది, తిట్టింది, కొట్టింది, అన్నీ అక్కే. ఆమెకు పిల్లలు లేరు. ఉన్న ఒక్క బర్రెనూ మా ఇంటికి వచ్చేముందు అమ్మేశారు. బావ ఒక్కడే, చేను చూస్తాడా, పాలు పిండుతాడా? "బండి ఎక్కిస్తా ఉంటే నా పక్కే చూసింది మే" అని అక్క ఒకసారి నాతో అంది. మళ్లీ దాని ఊసెత్తలేదు.

డాక్టరమ్మ మొదటి రోజే నాతో తేల్చి చెప్పింది. "బరువు తగ్గకూడదమ్మా. తగ్గితే ఈ మందును ఆమె ఒళ్లు తట్టుకోదు, ఆపేయాల్సి వస్తుంది. ఏం పెడతారో మీ ఇష్టం, తినాలి." నాకప్పగించిన పని అదొక్కటే, అక్క చేత అన్నం తినిపించడం. ఓస్, ఇంతేనా అనుకున్నాను. నెల్లూరు మనిషికి తిండి పెట్టడం కూడా ఒక పనేనా!

మందు ఎక్కించాక అక్కకు వాసనలు పడలేదు. నేను వంటింట్లో పోపు వేస్తే ఆమె పడకగదిలో వాంతి చేసుకునేది. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి. మామిడికాయ వేసి కాచి, మర్నాటి దాకా ఉంచి, ఆ చల్లటి పులుసుతో అన్నం తింటేనే పండగ అనేది. అలాంటిది పులుసు మాట ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టేది. సరే, చేపలు మానేశాం. మా ఆయన పాపం ప్లాంటు క్యాంటీన్‌లో తినొచ్చేవాడు. అయినా వాసన పోతేగా! సింకులోంచి ఒకటి, చెత్తబుట్టలోంచి ఒకటి, వంటిళ్లన్నీ తెరుచుకునే ఆ ఇరుకు సందులోంచి పైవాళ్ల వేపుడు, కిందవాళ్ల ఎండుచేప.

ఇక నేను నడుం కట్టాను. తొక్కలు, టీ పొడి, గుడ్డు పెంకులు ఎప్పటివప్పుడు పాత పేపర్‌లో చుట్టి కిందికి మోశాను. ఆదివారం చెత్తబండి రాదు, ఆ రోజు చెత్తను కవర్‌లో ముడేసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఐసుగడ్డల పక్కన వంకాయ తొడిమలు! మా ఆయన తలుపు తీసి చూసి, "ఇంకా నయం, నన్ను పెట్టలేదు" అన్నాడు. సింకులో సోడా ఉప్పు పోసి నిమ్మకాయ పిండాను. బుట్ట అడుగున బొగ్గులు వేశాను. ఎవరో చెప్పారని కొబ్బరిపీచు పొడి పోసి ఎరువు డబ్బా పెడితే వారం తిరక్కుండా దాన్నిండా పురుగులు. లవంగాలు, దాల్చినచెక్క నీళ్లలో మరిగిస్తే ఇల్లంతా బిర్యానీ హోటల్ అయింది, అక్క ఆ పూట మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఫినాయిల్‌తో తుడిస్తే "ఆసుపత్రి వాసన మే, వద్దు మే" అని ఏడ్చింది. ఒక వాసనను చంపడానికి ఇంకొకదాన్ని తెచ్చేదాన్ని. రెండూ కలిసి అక్క మీద పడేవి. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నానని మా ఆయనతో అనేదాన్ని. నిజమైన కుడితి నా ఇంట్లోనే ఉందని అప్పటికి నాకు తెలియదు.

ఒకరోజు బజారు నుంచి వచ్చేసరికి మంచం మీద అక్క లేదు. వెతికితే వంటింటి వెనక, గిన్నెలు తోముకునే చిన్న వసారాలో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్లో గిన్నె, గిన్నెలో గంజన్నం, అంచున నిమ్మకాయ ఊరగాయ. తింటోంది! పక్కన మా పాత నీలం బకెట్, మూత తీసి ఉంది. గుప్పుమన్న ఆ వాసనకు నేను గుమ్మంలోనే ఆగిపోయాను. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, సొరకాయ తొక్కు, అరటిపండు తొక్కలు, మిగిలిన మెతుకులు, అన్నీ కలిసి పులిసి పైన నురగ కట్టాయి. నేను పక్కకు పోయినప్పుడల్లా ఆమె వాటిని పోగేసి, మూత బిగించి, పాత సామాను వెనక దాచి పెడుతోంది.

"ఏందక్కా ఇది! ఇంత కంపు పక్కన పెట్టుకోని..."

"కంపు అనబాక" అంది అక్క, ముద్ద నోట్లో పెట్టుకుంటూనే. "కడుగు నీళ్లు మే అవి. నువ్వేమో సింకులో పారబోస్తా ఉండావు, చూస్తా ఉంటే నా పేగులు తరుక్కుపోతా ఉండాయి. కుడితి పారబోసే ఇంట్లో పాడి నిలుస్తాదా?"

"మూడో అంతస్తులో పాడి యాడుండాదక్కా?"

"లేదులే. నాకు మాత్రం తెలవదా." కాసేపు నమిలి మింగింది. "ఈడ కూసుంటే మన గొడ్లచావిట్లో కూసున్నట్టు ఉండాది. రెండు ముద్దలు దిగతా ఉండాయి. ఉండనీ మే."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వరి పండించే మా ఇళ్లలో వంటింట్లోంచి ఏదీ బయటికి విసిరేయరు. కడుగు, గంజి, తొక్కలు అన్నీ తొట్టిలో చేరతాయి, సాయంత్రం గుప్పెడు తవుడు కలిపి బర్రె ముందు పెడతారు. చేపలు కడిగిన నీళ్లు మాత్రం అందులో పడకూడదు, బర్రె మూతి కూడా పెట్టదు. అక్క బతుకంతా ఆ తొట్టి చుట్టూ తిరిగింది. నేను ఇన్ని వాసనలు అణిచిపెట్టి తినిపించలేకపోయిన అన్నాన్ని ఆ పులిసిన బకెట్ తినిపించింది. అలాగైతే ఆ బకెట్ నా నెత్తిన పెట్టుకుంటాను అనుకున్నాను.

ఊరి చివర బర్రెలు పెట్టుకున్న పాలావిడతో మాట్లాడుకున్నాను. పొద్దున్నే బకెట్ కిందికి దించితే ఆమె క్యాన్‌లో వంచుకుని పోయేది. అడుగున కాస్త మిగల్చాలి, బకెట్‌ను సబ్బుతో తోమకూడదు. అవి అక్క పెట్టిన షరతులు. తోమితే ఆ వాసన రాదట! అక్క పీట మీద కూర్చుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. ఆమెన్ అనగానే ముద్ద ఎత్తేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. బరువు నిలబడింది. డాక్టరమ్మ సంతోషంగా మందు ఎక్కించి, "ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగింది. ఏం చెప్పను? గంజన్నం అన్నాను.

ఈలోగా ఎండలు ముదిరాయి. పొద్దున పోసిన కడుగు మధ్యాహ్నానికే పులిసి బుడగలు తేలేవి. మూత ఎంత బిగించినా వాసన మెట్ల దాకా వెళ్లింది. ఎదురు ఫ్లాట్ ఆవిడ ముందు మంచిగానే చెప్పింది, తర్వాత ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది, ఆ తర్వాత ప్రెసిడెంట్ గారిని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏమ్మా, ఇది అపార్ట్‌మెంటా, గొడ్లచావిడా?" అన్నాడాయన.

"మీ ఇంట్లో ఎండుచేపలు వేపితే ఆ వాసన మా పడకగదిలో ఉంటాది సార్. మేమెప్పుడన్నా మీటింగ్ పెట్టినామా?" అన్నాను.

"అది వంటమ్మా. ఇది చెత్త."

"చెత్త కాదు సార్. మీరు సింకులో పోసే చెత్తను మేము బర్రెకు పెడతా ఉండాం. తేడా అంతే."

జబ్బు సంగతి ఒక్కమాట చెప్తే వాళ్లు నోరు మూసుకునేవాళ్లే. ఎదురావిడ అయితే కళ్లనీళ్లు కూడా పెట్టుకునేది, చెడ్డ మనిషి కాదు. కానీ అక్క నా చేత మాట తీసుకుంది. "ఎవురికీ చెప్పబాక మే. వచ్చి తలా ఒక మాట అంటారు, నా మొకం చూసి బాధపడతారు. నేను ఓర్చుకోలేను." మోకాళ్ల నొప్పులని చెప్పాం. అందుకని కారణం చెప్పకుండా పోట్లాడాను. గయ్యాళి అన్నారు. అననీ. లిఫ్టులో నన్ను చూసి మాట్లాడడం మానేశారు. మాననీ. ఆ పీట మీద అక్క నాలుగు ముద్దలు తింటుంటే నాకు ఎవరితో పని?

ఆ తర్వాత ఒక ఉదయం. అలవాటుగా పీట వేసి, గిన్నెలో గంజన్నం పెట్టి, బకెట్ మూత తీశాను. అక్క గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంది. వెంటనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఆ బకెట్ తీసెయ్ మే" అంది. "కంపు కొడతా ఉండాది."

నేను కదల్లేదు. వినపడలేదనుకుందేమో. "కడుపులో తిప్పతా ఉండాది మే, తీసెయ్" అంది మళ్లీ. ఆ గొంతులో కోపం లేదు, విసుగు లేదు. తన ఇంటి వాసన తనకు పరాయిదైపోయిందని ఆమెకు తెలిసినట్టు కూడా లేదు. నాకు తెలిసింది. ఇంక ఏ వాసన పెట్టి తినిపించాలి ఈమెకు? దేవుడా, నీకు ఒక్క బకెట్ కూడా ఎక్కువైపోయిందా అని మనసులో తిట్టుకున్నాను. క్షమాపణ అడగలేదు.

బకెట్ కిందికి తీసుకెళ్లాను. పాలావిడ క్యాన్‌లో మొత్తం వంచేసి, రేపటి నుంచి ఉండదమ్మా అని చెప్పాను. కుళాయి దగ్గర కూర్చుని సబ్బు పెట్టి తోమాను. బ్లీచింగ్ చల్లి మళ్లీ తోమాను. ఇన్ని రోజుల జిడ్డు, ఎంతకీ పోదు. చేతులు మండేదాకా తోమి మేడ మీద ఎండలో బోర్లించాను.

ఆ సాయంత్రం ఎదురు ఫ్లాట్ ఆవిడ తలుపు తట్టింది. చేతిలో గిన్నె, మొహం నిండా నవ్వు. "హమ్మయ్య, ఫ్లోరంతా ఎంత హాయిగా ఉందో అక్కా! నేనే మరీ ఎక్కువ మాట్లాడినా, మనసులో పెట్టుకోబాకండి. సేమ్యా పాయసం చేసినా. లోపల పెద్దక్కకు కూడా పెట్టండి" అంది. గిన్నె తీసుకుని తలూపాను.

లోపల నిజంగానే ఏ వాసనా లేదు. సింకుది లేదు, బుట్టది లేదు, పులుపుదీ లేదు. ఇన్ని నెలలు నేను పాకులాడింది దానికే. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేపి కూర్చోబెట్టి పాయసం గిన్నె ఒళ్లో పెట్టాను. కళ్లు మూసుకుంది, ప్రార్థన చేసుకుంది, ఆమెన్ అంది. గిన్నె పక్కకు జరిపింది.

తర్వాతి వారం ఆసుపత్రిలో బరువు చూశారు. డాక్టరమ్మ చీటీ మీద ఈసారి మందు రాయలేదు, ఇంటికి తీసుకెళ్లమంది. చేను పని కాస్త తెరిపి ఇవ్వగానే బావ వచ్చి తీసుకెళ్తానన్నాడు. అంతవరకూ నేను ఊరుకోలేదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం మెత్తగా పెరుగన్నం, సాయంత్రం జావ. అడిగినవీ అడగనివీ వండాను. అన్నీ గిన్నెల్లో అట్లాగే ఉండేవి. ఎండాకాలం కదా, ఉంచితే వాసన వస్తుంది. అప్పటికప్పుడు కవర్‌లో కట్టి దించేసేదాన్ని.

చెత్తబండి అబ్బాయి నా కవర్ అందుకుని, బరువు చూసి నవ్వాడు.

"ఏందక్కా, రోజూ ఇంత అన్నం పారేస్తా ఉండారు. ఇంట్లో ఫంక్షనా?"