లెక్కపెట్టని ఆకు

ఎవరి దవడ ఆడుతున్నా సరే, బావగారు లెక్కపెట్టకుండా ఉండలేరు. మీట నొక్కితే అంకె మారే చిన్న యంత్రం ఒకటి ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది. ఇంట్లో మామగారు భోజనానికి కూర్చుంటే చాలు, పక్కనుంచి టిక్కు, టిక్కు. ఆ బాధ పడలేక పెద్దాయన పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేవారు.

"అల్లుడుగారూ, నేను ఆవుని కాను!" అని లోపలినుంచి అరుపు.

"ఆవైతే నిమిషానికి నలభై దాకా కొరుకుతుందండీ. మీరు ఇరవై రెండు దాటరు," అని బావగారు ఓదార్చేవారు.

పాపం, ఆయన ఉద్యోగమే అది. ఎడారి మైదానంలో మేసే ఆవులు ఏం తింటున్నాయో కనిపెట్టాలి. తెల్లారగానే ఒక ఆవు వెనకాల బయల్దేరి, అది ఏ మొక్కకి ఎన్నిసార్లు నోరు పెట్టిందో లెక్కపెట్టి, అంత ఆకూ తను కూడా చేత్తో తుంచి సంచిలో వేసుకునేవారు. పదకొండేళ్లలో పద్నాలుగు జతల బూట్లు అరిగిపోయాయి. పరిశోధన కేంద్రంలో అందరూ ఆయన్ని "ఆవుగారి సెక్రటరీ" అనేవారు. ఆ పేరు పెట్టింది మరెవరో కాదు, అక్కడే మైక్రోస్కోపు గదిలో పనిచేసే సొంత మరదలు.

ఇలా ఉండగా కొత్త డైరెక్టరు వచ్చారు.

"ఈ రోజుల్లో కూడా ఆవు వెనక నడకేమిటండీ? గొంతుకి కన్నం పెట్టించి సంచీ కట్టించండి. మింగిందంతా అందులో పడుతుంది. ముందు మీరు వెంట తిరిగే ఆ ముసలి ఎర్రావుతో మొదలుపెడదాం."

ఏ మీటింగులోనూ నోరు విప్పని బావగారు లేచి నిలబడ్డారు.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకదానికి పెట్టించానండీ. తాగిన నీళ్లు కన్నంలోంచి కారిపోతుంటే నావైపు చూసింది. ఆ మర్నాటి నుంచే నడక మొదలుపెట్టాను."

మరదలికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ ఆటపట్టించింది ఈ నడకనా!

డైరెక్టరు కాస్త తగ్గారు. "సరే. నెల రోజులు ఎర్రావు పేడ పరీక్ష చేయిద్దాం. మీ జాబితాలో లేని ఆకు ఒక్కటి కనిపించినా కన్నం తప్పదు. అమ్మా, బంధుత్వం గుమ్మం బయట పెట్టి చూడు."

మరదలు పేడ కడిగి, గాజు పలకల మీద పరిచి, అరగని ఆకు తునకలు ఏ మొక్కవో మైక్రోస్కోపులో ఒక్కొక్కటే పోల్చింది. పదిహేను మొక్కలు. బావగారి జాబితాలోనూ అవే పదిహేను. ఒక్కో మొక్క ఎంతెంత తిన్నదో ఆ వాటాలు కూడా ఇంచుమించు సరిపోయాయి. ఆమె ఛాతీ ఉప్పొంగింది. చివరి మూడు పలకల్లో పదహారో ఆకు కనబడింది. పరుగున వెళ్లి ఆయన్ని పట్టుకుంది.

"బావగారూ, ఎడారిలో క్యాబేజీ ఎక్కడ మొలిచింది?"

బావగారు నేల చూపులు చూశారు. "మధ్యాహ్నం నేను క్యాబేజీ పెట్టిన రొట్టె తీస్తే అది మేత మానేసి నా నోటివంకే చూస్తుందమ్మాయ్. అలా చూస్తుంటే ముద్ద దిగుతుందా?"

"ఆ మూడు పలకలూ కడిగేయనా?"

"తప్పు. చూసింది చూసినట్టు రాయి."

ఆమె క్యాబేజీనీ, రొట్టె సంగతినీ కూడా రాసింది. మర్నాడు డైరెక్టరు కాగితాలు రెండుసార్లు చదివారు.

"రొట్టెలో పెట్టుకున్న నాలుగు క్యాబేజీ రేకులు కూడా దొరికిపోయాయంటే, ఈ అమ్మాయి కంటికి ఏదీ తప్పించుకోదు. అంత కన్ను చూసినా మైదానంలో మొక్క ఒక్కటీ తేడా రాలేదు. కన్నం వద్దు, మీరే నడవండి," అని సంతకం పెట్టి నవ్వారు. "ఇంతకీ దానికి ఎన్నిసార్లు పెట్టారు?"

బావగారు బుర్ర గోక్కున్నారు. "అది లెక్కపెట్టలేదండీ. పెట్టేది ఎవరైనా లెక్కపెడతారా?"

గదిలో అందరూ గొల్లున నవ్వారు. మరదలు మాత్రం తలెత్తి, "ఆయన మా బావగారు!" అంది, ఎవరూ అడక్కపోయినా.